బబ్లూ రిపోర్టు

గురువారం సాయంత్రం డాక్టర్ మురళీకృష్ణ ఫోన్‌లో చెప్పిన అంకెను, చేతిలో ఉన్న ఎర్ర కలంతో, జవాబు పత్రాల కట్ట మీదే రాసుకున్నాను. కిందటి వారం ఈ కథ చెబుతూ అక్కడ ఆగాను. ఐదు పాయింట్ రెండు. అది మా కుక్క బబ్లూ రక్తంలో క్రియాటినిన్. రెండు దాటకూడదట. ఇంత దాటిందంటే మూత్రపిండాలు సరిగా పని చేయడం లేదని అర్థమట.

"రేపు పొద్దున్నే తీసుకురండి మేడం, సెలైన్ పెడదాం. పాత రిపోర్టులేమైనా ఉంటే అవి కూడా తెండి" అన్నారాయన.

మొదటి మాటకు సరే అన్నాను. రెండో మాటకు ఏమీ అనలేదు. పాత రిపోర్టు ఒకటి ఉంది. దాన్ని నేను చూశాను. చూసి ఏమన్నానో కూడా నాకు గుర్తుంది.

శుక్రవారం బడికి సెలవు పెట్టాను. ముందు రోజు పడిన వానకు అశోక్‌నగర్ సందుల్లో నీళ్లు నిలిచి ఉన్నాయి. కోచింగ్ సెంటర్ల పిల్లలు సంచులు ఛాతీకి అదుముకుని ఇటుక ముక్కల మీద అడుగులు వేస్తున్నారు. మా అమ్మాయి తన్మయి బబ్లూను పాత తువ్వాలులో చుట్టి ఎత్తుకుంది. తొమ్మిదేళ్ల కుక్క, తెల్ల బొచ్చు, రెండు చేతులా మోయాల్సిన బరువు. ఆ రోజు తన్మయి దాన్ని ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో ఆటో ఆపింది.

ఆటో అతను అద్దంలో చూశాడు. "కరుస్తదా అక్కా?"

"కరిస్తె మంచిగనే ఉండు అన్నా" అంది తన్మయి. "నాలుగు రోజులాయె, కనీసం మొరుగుతలేడు."

నారాయణగూడ ఫ్లైఓవర్ పక్క సందులో డాక్టరుగారి క్లినిక్. బల్ల దగ్గర కూర్చునే భూదేవి రిజిస్టరు చూసి "బబ్లూ విఠల్!" అని గట్టిగా పిలిచింది. అక్కడ ప్రతి కుక్కకూ యజమాని పేరు కలిపి రాస్తారు. ఆ పిలుపు వినగానే తన్మయి నా వైపు చూసింది. నేను తువ్వాలు సర్దాను.

బబ్లూ అనేది మా ఇంట్లో ఇద్దరి పేరు. మావారు విఠల్‌ను చిక్కడపల్లిలో వాళ్లమ్మ, చెల్లెలు ప్రభావతి చిన్నప్పటి నుంచీ బబ్లూ అనే పిలిచేవారు. బట్టతల వచ్చిన మనిషిని వీధి చివర నుంచి "బబ్లూ అన్నా!" అని కేకేస్తుంటే తన్మయికి నవ్వు ఆగేది కాదు. పదమూడేళ్లప్పుడు కుక్కపిల్లను తెచ్చుకుని కావాలనే ఆ పేరు పెట్టింది. ఆ తర్వాత ప్రభావతి వచ్చి ఎప్పుడు పిలిచినా ఇద్దరూ తల తిప్పేవారు. "నాకంటె ముందల వాడే ఉరుకుతడు, నేనే డూప్లికేట్ అయిన" అనేవారు ఆయన. ఎంత చెప్పినా నాకు కుక్క "అది". ఆయనకు "వాడు".

ఆయన పోయి ఏడు నెలలైంది. ఫిబ్రవరిలో తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. మూత్రపిండాలే. ఇంత దూరం వచ్చేదాకా ఒక్క పరీక్ష కూడా చేయించలేదా అని అక్కడి డాక్టరు అడిగితే, లేదని నేనే చెప్పాను. ఇప్పుడు అదే జబ్బు ఆయన కుక్కకు.

మురళీకృష్ణగారు బబ్లూ చిగుళ్లు చూశారు, పొట్ట నొక్కి చూశారు. స్కాన్ చేశారు. ముందు కాలికి సూది పెట్టి సెలైన్ ఎక్కించారు. తన్మయి దాని తల పట్టుకుని చెవి దగ్గర ఏదో చెబుతూనే ఉంది.

"కిడ్నీల సైజు బాగానే ఉంది మేడం. అందుకే నాకు తికమకగా ఉంది" అన్నారు డాక్టరుగారు. "ఇది ఈ వారంలో వచ్చిందైతే అవకాశం ఉంది. ఏడాది నుంచి లోపల నడుస్తున్నదైతే..." వాక్యం పూర్తి చేయకుండా పాత కార్డు తీశారు. "కిందటేడు జూన్‌లో సార్ తెచ్చారు, వాంతులని. ఇంజెక్షన్ చేసి, బయట రక్తపరీక్ష చేయించమని రాసిచ్చాను. మళ్లీ రాలేదు. ఆ పరీక్ష చేయించారా?"

"చేయించారు."

"ఎంత వచ్చింది?"

"నాలుగు పాయింట్ ఆరు."

ఆయన కలం మూత పెట్టారు. "అప్పుడే అంతా? మరి మందులు?"

"వాడలేదు" అన్నాను. "నేనే వద్దన్నాను."

తన్మయి చెప్పడం ఆపేసింది.

అది జూన్‌లో ఒక ఆదివారం మధ్యాహ్నం. నేను బల్ల దగ్గర ఆ ఏటి పాఠాల పట్టిక రాసుకుంటున్నాను. మావారు పక్క కుర్చీలో కూర్చుని ఫోన్ చూస్తున్నారు. చాలాసేపు ఒకే చోట చూస్తుంటే ఏమిటా అని తొంగి చూశాను. వేళ్లతో పెద్దది చేసుకున్న ఒక్క వరుస కనిపించింది. క్రియాటినిన్, దాని ఎదురుగా లావు అక్షరాల్లో 4.6. పైన ఫైలు పేరు బబ్లూ రిపోర్ట్ అని ఉంది. ఆ వారమంతా కుక్క కక్కుతూనే ఉంది.

"బబ్లూ రిపోర్టా?" అన్నాను.

ఆయన వెంటనే చెప్పలేదు. "అవును. బబ్లూ రిపోర్టే."

"బాగాలేదా?"

"కిడ్నీలు ఖరాబైనయట. ఏం చేద్దామంటవ్ టీచరమ్మా?"

నేను అప్పటికే పట్టికలోకి తల దించాను. జూలై రెండో వారంలో ఏ పాఠం పెట్టాలా అని చూస్తున్నాను. "ఏం చేస్తామండీ, వయసయింది. ఇప్పుడు సూదులూ సెలైన్లూ అంటూ తిప్పడం దాన్ని హింస పెట్టడమే. ఉన్నన్ని రోజులు ఉండనివ్వండి" అన్నాను.

"సరే" అన్నారు. లేచి వెళ్లి టీ పెట్టారు. నాకూ ఒక కప్పు తెచ్చి బల్ల మీద పెట్టారు.

మరుసటి వారానికి కుక్క వాంతులు తగ్గాయి. నేను ఆ సంగతి మరిచిపోయాను.

ఇదంతా డాక్టరుగారికి నాలుగు ముక్కల్లో చెప్పాను. టీ సంగతి చెప్పలేదు.

"నువ్వెట్ల అన్నవమ్మా గట్ల?" అంది తన్మయి. గొంతు పెంచలేదు, బబ్లూ తల తన చేతుల్లోనే ఉంది. "ఉన్నన్ని రోజులు ఉండనియ్యాలె అంట. వాడేమన్న పాత ఫ్రిజ్జా?"

"తన్మయీ."

"డాడీ ఏమన్నడు?"

"సరే అన్నారు."

"సరే అన్నడా? వాని కాలుకు ముల్లు గుచ్చుకుంటెనే రెండు రోజులు అన్నం తినకపోయెటోడు. నువ్వు అనంగనే సరే అన్నడా? నీతోని కొట్లాడలేదా?"

కొట్లాడలేదు. ఆ రోజు అది నాకు వింతగా అనిపించలేదు. నేను చెప్పింది సబబుగా ఉంది కాబట్టి ఒప్పుకున్నారనుకున్నాను.

డాక్టరుగారు మా ఇద్దరి మధ్యకు వచ్చారు. "ఆ రిపోర్టు దొరుకుతుందా మేడం? అంకె ఒక్కటే చాలదు, మొత్తం చూడాలి నేను. దాన్ని బట్టే ఎంత మందు, ఎన్నాళ్లు అనేది ఉంటుంది. అసలు ముందుకు వెళ్లాలా వద్దా అనేది కూడా."

మావారి ఫోన్ నా చేతిసంచిలోనే ఉంటుంది. రోజూ చార్జింగ్ పెడతాను. ఎవరైనా అడిగితే బ్యాంకు మెసేజీల కోసం అంటాను. బ్యాంకులో ఆ నంబరు మార్పించి నాలుగు నెలలైంది.

వరండాలోకి వెళ్లి, కిందటేడు జూన్ దాకా వెతుక్కుంటూ వెళ్లాను. దొరికింది. పంపింది ప్రభావతి. అంటే కుక్కకు పరీక్ష కూడా నాకు తెలియకుండా చెల్లెలి చేత చేయించుకున్నారు. నేను వద్దంటానని ముందే తెలిసి ఉంటుంది. తెరవడానికి చేయి రాలేదు. తెరవకుండానే డాక్టరుగారి నంబరుకు పంపించి, బెంచీ మీద కూర్చున్నాను. పక్కన ఒకావిడ బుట్టలో పిల్లిని పెట్టుకుని ఉంది. "మీ కుక్కకేమైందమ్మా?" అని అడిగింది. నా వల్లే అయింది అనబోయి, "కిడ్నీలు" అన్నాను.

పది నిమిషాలకు డాక్టరుగారు తలుపు తెరిచారు. "మేడం, ఒకసారి లోపలికి రండి. మీరొక్కరే."

ఆయన కుర్చీ చూపించారు. తను కూర్చోలేదు.

"ఈ రిపోర్టు మీరు తెరిచి చూశారా?"

"లేదు. ఆ రోజు ఒక్క వరుస చూశాను."

"ఇది కుక్క రిపోర్టు కాదు మేడం. మనిషిది."

"పేరు బబ్లూ అనే..."

"పేరు అదే. మిస్టర్ బబ్లూ. వయసు అరవై ఒకటి."

గోడ మీద క్యాలెండరు ఉంది. ఆ నెలలో సెలవులు ఎన్ని వచ్చాయో లెక్కపెట్టాను. మూడు. మళ్లీ లెక్కపెట్టాను.

ఆయన నెమ్మదిగానే, కానీ ఆగకుండా చెప్పుకుంటూ పోయారు. ఆగితే నేను ఏదైనా అడుగుతానని భయపడినట్టున్నారు. "అంటే మన బబ్లూకి పాత జబ్బు ఉందనడానికి ఆధారం లేదు. స్కాన్ కూడా అదే చెబుతోంది. ఇది కొత్తగా వచ్చిందే అయి ఉండాలి. మీ వైపు నీళ్లు నిలుస్తాయి కదా, ఎలుకల మూత్రం కలిసిన నీళ్లు నాకినా ఇలా అవుతుంది. ఆ పరీక్షకు పంపిస్తున్నాను, ఈలోగా మందు మొదలుపెడతాను. మాట ఇవ్వలేను గానీ, నిన్నటికన్నా ఇవాళ నాకు ఆశ ఎక్కువ ఉంది." అప్పుడు ఆగారు. "మేడం... సార్‌కి ఆ తర్వాత..."

"థాంక్స్ డాక్టరుగారూ" అన్నాను. "కుక్కకు మందు మొదలుపెట్టండి."

గంట క్రితం దాకా నేను ఆయన కుక్కను చంపుకున్నానని అనుకున్నాను. అదీ ఒక బరువే, మోయగలననుకున్న బరువు.

పరీక్షల ముందు ప్రతి ఏడాదీ పిల్లలకు చెబుతాను, ప్రశ్న పూర్తిగా చదవకుండా జవాబు మొదలుపెట్టొద్దని. ఆయన నన్ను అడిగారు. నేను జవాబు చెప్పాను. అబద్ధం ఆయన ఒక్కటి కూడా ఆడలేదు. బబ్లూ రిపోర్టే అన్నారు.

తన్మయికి చెప్పే ధైర్యం లేకపోయింది. "పాత జబ్బు కాదట, ఆశ ఉందట" అని మాత్రం చెప్పాను. తన్మయి బబ్లూ మెడలో ముఖం పెట్టి ఏడ్చింది. "నువ్వు ఇక్కడే ఉండు. నేను అత్తయ్య దగ్గరికి వెళ్లొస్తాను."

"అత్త దగ్గరికా?" తల ఎత్తింది. "ఇయ్యాల్నా? ఎందుకు?"

"పని ఉంది."

ప్రభావతి నాతో మాట్లాడి ఏడు నెలలైంది. పదకొండో రోజు భోజనాల దగ్గర, నేను వడ్డించిన విస్తట్లో ఒక్క మెతుకు ముట్టకుండా చేయి కడిగేసుకుని లేచిపోయింది. అన్న పోయిన దుఃఖం అనుకున్నాను. ఆ తర్వాత ఫోన్ చేస్తే ఎత్తలేదు. దుఃఖం ఒక్కొక్కరిది ఒక్కో తీరు అనుకున్నాను.

నడిచే వెళ్లాను. చిక్కడపల్లి లైబ్రరీ వెనక సందులో మొదటి అంతస్తు. మెట్ల మీద చాలాసేపు నిలబడ్డాను. లోపల నుంచి కుట్టుమిషన్ చప్పుడు వస్తోంది. ప్రభావతి ఇంట్లోనే చీరలకు ఫాల్ కుడుతుంది. తలుపు తీసే ఉంది. నన్ను చూసింది, మిషన్ ఆపలేదు.

"వచ్చినవా? తొవ్వ యాదికున్నదా?"

"ప్రభా, ఒకటి అడగాలి."

"అడుగు. చెవులు పని చేస్తున్నయి, చేతులు పని చేస్తున్నయి."

ఫోన్ తీసి ఆ రిపోర్టు చూపించాను. ఈసారి మొదటి పేజీ తెరిచి ఉంది. ప్రభావతి చూసింది. కాలు ఆగింది. మిషన్ చక్రం ఇంకో రెండు చుట్లు తిరిగి తనే ఆగింది.

"ఇయ్యాల తీసినవా దీన్ని?" అంది. "మనిషి పోయి ఏడు నెలలైనంక?"

"ఇది ఎప్పుడు చేయించారు?"

"నాకు తెల్వనట్టే అడుగుతున్నవ్. మొకం ఉబ్బింది ఏందన్నా అని నేనే గుంజుకొచ్చి కూసోబెట్టిన. నా ఫోన్ నుంచే బుక్ చేసిన. రక్తం తీసెటామె ఇంటికొచ్చింది. పేరేందక్కా అంటె నా నోట్ల బబ్లూ అనే వచ్చింది. మార్పిద్దమంటె అన్న నవ్విండు. 'రాయనియ్యి, విఠల్ అంటె షుగర్, బీపీ అన్నీ వస్తయి. బబ్లూకు ఇంక ఏ బీమారీ రాలే' అన్నడు." చక్రం మీద చేయి పెట్టింది. "రిపోర్ట్ వచ్చింది. నాకు ఏం సమజ్ కాలే గని ఆ లావు అక్షరాలు చూసి భయమైంది. కిడ్నీ డాక్టర్ దగ్గర నెంబర్ రాయించిన. బేస్తవారం పొద్దుగాల పోవాలె."

"వెళ్లారా?"

ప్రభావతి అప్పుడు నన్ను సూటిగా చూసింది. "గమ్మతున్నవ్ వదినా. నువ్వే వద్దని, నువ్వే పోయిండా అని అడుగుతున్నవ్."

నేను తలుపు పక్కన ఉన్న స్టూలు మీద కూర్చున్నాను. ఆమె కూర్చోమని అనలేదు.

"బుధవారం ఫోన్ చేసిండు. 'వద్దులే ప్రభా. నాగశ్రీని అడిగిన, వద్దన్నది' అన్నడు. నేను నమ్మలే. వదిన గట్ల అనదు అన్న. 'అన్నది, నా ముందలనే అన్నది. ఈ వయసుల సూదులు, సెలైన్లు ఎందుకు, ఉన్నన్ని రోజులు ఉండనియ్యి అన్నది' అన్నడు. నవ్వుకుంట అన్నడు. నేను నీకు ఫోన్ చేస్త అంటె, నా మీద ఒట్టు, అడగొద్దు అన్నడు. అన్న ఒట్టు ఎట్ల తప్పుత?" మిషన్ మీది చీరను ఊరికే మడతపెట్టి మళ్లీ విప్పింది. "ఎనిమిది నెలలు నేను నోరు కుట్టుకున్న. దవాఖానల ఆ డాక్టర్ అడగలే? ఒక్క పరీక్ష గూడ చేయించలేదా అని? నేను నీ పక్కకే ఉన్న. లేదండీ అన్నవ్. ఎంత మంచిగ అన్నవ్! గొంతు గూడ వణకలే. ఆ రోజు సంది నీ మొకం చూడబుద్ధి కాలే."

ఆ రోజు ఆసుపత్రి వరండాలో నేను చెప్పింది నాకు తెలిసిన నిజం. ఆమె విన్నది అబద్ధం.

"మా నాగశ్రీ టీచరు, ఒక్క మాట జారదు, తూచి మాట్లాడతది అని అందరికి చెప్పుకునెటోడు. తూచే అన్నవనుకున్న." కళ్లు తుడుచుకోలేదు, కారనిచ్చింది. "ఇన్ని రోజులు అన్న ఒట్టని అడగలే. ఇప్పుడు అన్ననే లేడు. ఒక్కటే అడుగుత. అన్నవా, అనలేదా?"

కుక్క గురించి అన్నాను అని చెప్పవచ్చు. ఆ ఒక్క వాక్యం నోటి దాకా వచ్చింది. చెబితే ప్రభావతి నమ్ముతుంది కూడా. అప్పుడు అన్న తనకు ఏం చెప్పాడో, ఎందుకు చెప్పాడో ఆమె మిగిలిన బతుకంతా మళ్లీ మొదటి నుంచి ఆలోచించుకోవాలి. వైద్యం వద్దని ముందే నిర్ణయించుకుని నా నోటి నుంచి ఆ మాట రప్పించుకున్నారా, నా మాట విన్నాకే నిర్ణయించుకున్నారా? అది నాకే తెలియదు. తెలిసింది ఒక్కటే. ఆయన అడిగినప్పుడు నేను తలెత్తలేదు. ఎత్తి ఉంటే ఆ ఉబ్బిన ముఖం నాకూ కనిపించేది. చెల్లెలికి కనిపించింది కదా.

"అన్నాను ప్రభా" అన్నాను.

ఆమె ఏడుస్తుందని, తిడుతుందని, వెళ్లిపొమ్మంటుందని అనుకున్నాను. ఆమె నన్ను చూడడం లేదు. నా భుజం మీదుగా గుమ్మం వైపు చూస్తోంది.

తిరిగి చూశాను. తన్మయి నిలబడి ఉంది. చేతుల్లో బబ్లూ, దాని ముందు కాలికి సూది కదలకుండా కట్టిన తెల్ల పట్టీ. సెలైన్ అయిపోయి ఉంటుంది, నేను ఫోన్ ఎత్తకపోతే వెతుక్కుంటూ వచ్చి ఉంటుంది. మెట్లెక్కి వచ్చిన ఆయాసం మాత్రం తన్మయి ముఖంలో లేదు. వచ్చి చాలాసేపే అయింది.

"అమ్మా" అంది. "పొద్దుగాల డాక్టర్‌తోని చెప్పిన మాట, ఇప్పుడు అత్త చెప్పిన మాట, రెండూ ఒక్కటేనా?"

నేను లేచి నిలబడ్డాను.

"ఎవరి గురించి అన్నవమ్మా?"